నల్లద్దంలోంచి చూసిన రంగు

వెల్డింగు నేర్చుకోవాలని నేను పట్టుబట్టిన ఏడాది నాకు ముప్పై నాలుగేళ్లు. ప్రభుత్వ పథకం కింద ఫీజు లేకుండా నేర్పుతారని తెలిసింది కానీ, దానికి రెండు మెలికలున్నాయి. ముప్పై ఐదు నిండితే చేర్చుకోరు. ఒక చోట వేలిముద్ర వేశామంటే ఇంకో చోటికి మారే దారి లేదు, నచ్చినా నచ్చకున్నా అక్కడే పూర్తి చేయాలి. నంద్యాలలో అలా నేర్పే చోట్లు రెండున్నాయి. చేరడానికి శనివారం ఆఖరు. ఆ సంగతి నా చెవిన పడేసరికి బుధవారం సాయంత్రమైంది.

మేము సంజామల నుంచి నంద్యాలకు మారి అప్పటికి నాలుగు నెలలు. మా ఆయనకు విత్తనాల గోడౌన్‌లో పని దొరికింది, నూనెపల్లెలో రెండు గదుల ఇల్లు అద్దెకు దొరికింది, నాకు మాత్రం మనసు విప్పి మాట్లాడే మనిషి దొరకలేదు. ఎవరినైనా అడుగుదామంటే ఎవరున్నారు? పక్కింటామెను అడిగితే, ఆడమనిషికి వెల్డింగెందుకు, మిషను కుట్టడం నేర్చుకో, జాకెట్లు నేను తెచ్చిస్తానంది. మంచి మనిషే. అయినా రెండు రోజులు ఆమె ముఖం చూడాలనిపించలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

ఇనుము నాకు కొత్త కాదు. నేను పుట్టింది ఆళ్లగడ్డలో, కమ్మరి ఇంట్లో. మా ఊళ్లో రోడ్డు పొడుగునా దేవుళ్లను చెక్కే షెడ్లు. ఆ షెడ్లలో ఉలి మొద్దుబారితే మా నాయన దగ్గరికే వచ్చేది. ఉలిని కొలిమిలో కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, మొన తీసేవాడు. ఆ తర్వాతే అసలు పని. మొనను ఒకసారి నీళ్లకు తగిలించి తీసి రాతిముక్కతో రుద్దితే, వెనకున్న వేడి మెల్లగా మొన వైపు పాకుతుంది. అప్పుడు ఇనుము మీద రంగులు నడుస్తాయి. మొదట ఎండుగడ్డి రంగు, తర్వాత వంకాయ రంగు, ఆ తర్వాత నీలం. నల్లరాయి చెక్కే ఉలిని సరిగ్గా గడ్డి రంగు దగ్గర నీళ్లలో ముంచేయాలి. ఒక్క క్షణం ముందైతే ఆ మొన రాయి మీద విరుగుతుంది, ఒక్క క్షణం ఆలస్యమైతే వంగుతుంది.

పదేళ్లప్పటి నుంచి నేను కొలిమి దగ్గర తిత్తి ఊదేదాన్ని, ఒంట్లో బలం వచ్చాక సమ్మెట కొట్టేదాన్ని. రంగులు నడిచేటప్పుడు నాయన ఉలిని పట్టుకారుతో నా ముందుకెత్తి, "రంగేందిమ్మా?" అని అడిగేవాడు. గడ్డి నాయనా అని నేననగానే నీళ్లలో ముంచేవాడు. ప్రతి ఉలికీ అడిగేవాడు. నాకు పని నేర్పిస్తున్నాడని పొంగిపోయేదాన్ని. బడిలో ఏ అయ్యవారూ నన్ను అన్నిసార్లు ప్రశ్న అడగలేదు, అడిగినా నేను అంత ఠక్కున జవాబు చెప్పిన పాపాన పోలేదు.

నాకు పెళ్లై సంజామలకు పోయాక ఆ కొలిమి నెమ్మదిగా చల్లారింది. ఉలులు విరిగి వెనక్కి వస్తున్నాయని విన్నాను. ఏందని అడిగితే, ఇప్పుడొచ్చే ఇనుము మంచిది కాదనేవాడు నాయన. తర్వాత షెడ్లలోకి కరెంటు మిషన్లు వచ్చాయి. నాలుగేళ్ల కింద కొలిమి మూసేశాడు. చోటు మాత్రం వదల్లేదు, రోడ్డు పక్కనే ఖాళీగా పడి ఉంది. విగ్రహాలను లారీ ఎక్కించాలంటే చుట్టూ ఇనుప చట్రం బిగించాలి, ఆ చట్రాల కోసం శిల్పులు నంద్యాల దాకా వస్తున్నారు. వాటిని నేనే అతికించి ఇవ్వాలని, నాయన మూసిన చోట మళ్లీ నిప్పు పుట్టించాలని నా ఆశ. ఆశ పెద్దదే, దానికి నా చేతిలో ఉన్నది ఒకే ఒక్క వేలిముద్ర. అది తప్పు చోట పడితే ఇంతే సంగతులు.

గురువారం ఫోన్ చేస్తే శుక్రవారం పొద్దున మొదటి బస్సుకే నాయన దిగాడు. బస్టాండులో నేను ఎదురుగా నిలబడి ఉంటే నన్ను దాటుకుని పోయాడు. పిలిస్తే వెనక్కి తిరిగి, ఈ ఊర్లో జనం ఎక్కువైనారమ్మా అన్నాడు. నేను నవ్వేసి ఊరుకున్నాను.

మొదటి చోటు బైపాసు వైపు ఉంది. అద్దాల తలుపు, లోపల ఏసీ, గోడ నిండా తెల్ల టోపీలు పెట్టుకుని నవ్వుతున్న పిల్లల ఫొటోలు. ఆఫీసులో ఉన్నాయన లేచి నిలబడి నన్ను మేడం అన్నాడు. ఇద్దరికీ కుర్చీలు వేశాడు, టీ తెప్పించాడు. ఆడవాళ్లు ఈ పనిలోకి రావాలని, నాలాంటి వాళ్ల ఫొటో గోడ మీద ఉండాలని చాలాసేపు చెప్పాడు. నాలుగు నెలలుగా ఆ ఊళ్లో ఎవరూ నాతో అంత మర్యాదగా మాట్లాడలేదు. నేను కరిగిపోయాను, దాచుకోవడమెందుకు.

టీ చేతిలో పట్టుకునే వెనక గదిలోకి పోయాం. నేర్పే అతను ఎండకు పెట్టుకునే నల్ల కళ్లజోడు పెట్టుకుని రెండు ఇనుప పట్టీలు అతికిస్తున్నాడు. చుట్టూ పది మంది పిల్లలు వట్టి కళ్లతో నిలబడి చూస్తున్నారు. ముఖానికి అడ్డం పెట్టుకునే నల్లద్దం షీల్డులు గోడకు రెండు వేలాడుతున్నాయి, వాటి జోలికి ఎవరూ పోలేదు. నేనూ ఆ పిల్లల మధ్య నిలబడ్డాను. ఆ వెలుగు మా కొలిమి వెలుగులాంటిది కాదు, తెల్లగా, సూదుల్లా గుచ్చుతోంది. అయినా కళ్లు తిప్పుకోలేదు. ఇనుము కరుగుతుంటే రంగు చూడకుండా ముఖం తిప్పుకోవడం మా ఇంటా వంటా లేదు. చేతిలో టీ చల్లారేదాకా చూశాను.

మళ్లీ ఆఫీసులోకి రాగానే ఆయన వేలిముద్ర మిషనును నా ముందుకు జరిపాడు. మూడు సీట్లే మిగిలాయి, రేపటిదాకా ఉంటాయని నమ్మకం లేదు, ఇప్పుడే వేసేయండి మేడం అన్నాడు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా, పైన అద్దం, అద్దం కింద ఎర్ర వెలుగు. బొటనవేలు కొంగుకు తుడుచుకుని చాపాను. వేలికీ అద్దానికీ మధ్య బియ్యపుగింజ పట్టేంత సందు ఉందేమో, నాయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఎనకల దొడ్డి చూసొస్తామప్పా," అన్నాడు ఆయనతో.

అది మా నాయన పద్ధతి. ఏ పనివాడి దగ్గరకు పోయినా ముందర వేలాడదీసిన సరుకు చూడడు, వెనక పారేసిన తుక్కు చూస్తాడు. ఎవడు ఊరికే కూర్చున్నాడో, ఎవడు చేసి చెడగొట్టి మళ్లీ చేస్తున్నాడో తుక్కు చెప్తుందంటాడు. ఈ దొడ్డిలో టీ కప్పులు, అట్టపెట్టెలు తప్ప ఏమీ లేవు. నాయన వంగి, కుప్పను చేత్తో తడిమి తడిమి చూశాడు. కాలిన వెల్డింగు రాడ్డు ముక్క ఒక్కటీ దొరకలేదు. పదిమంది నేర్చుకుంటాంటే చెడిపోయిన ముక్కలు యాడ పోయినాయని నన్నే అడిగాడు. పైన పటారం, లోన లొటారం అని ఆయన ఉద్దేశం. నాకు చిర్రెత్తింది. శుభ్రంగా ఉండటం కూడా తప్పేనా అన్నాను. సాయంత్రంలోగా చెప్తామని ఆఫీసాయనకు చెప్పి బయటపడ్డాం. ఆయన గేటు దాకా సాగనంపి, నా ఫోన్ నంబరు తీసుకున్నాడు.

రెండో చోటు రైలుకట్ట పక్కన ఒక పాత రేకుల షెడ్డు. గోడకు బైబిలు వాక్యం ఉన్న కేలండరు తప్ప ఇంకో బొమ్మ లేదు. నేర్పే మాస్టరుకు యాభై దాటి ఉంటాయి, ముంజేతుల నిండా నిప్పురవ్వలు పడిన మచ్చలు. కుర్చీ లేదు, టీ లేదు. మేడం అనడం దేవుడెరుగు, తలెత్తి చూడ్డానికే చాలాసేపు పట్టింది. చేరాలనుకున్నవాళ్లు ముందు ఒక పూట కూర్చుని చేయాలన్నాడు. కమ్మరి బిడ్డనని చెప్పుకుంటే కాస్త గొప్పగా చూస్తాడనుకున్నాను. అక్కడ నేర్చుకుంటున్న వాళ్లలో నలుగురు కమ్మరి ఇళ్ల నుంచే వచ్చారట. కమ్మరి వీధిలో సూదులమ్మినట్టయింది నా పని.

నా చేతికి ఒక షీల్డు ఇచ్చాడు. నిప్పు పుట్టకముందే అద్దం ముఖానికి రావాలని, ఆరాకే తీయాలని, మధ్యలో తీయకూడదని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. సరేనన్నాను. కానీ ఆ అద్దం పెట్టుకుంటే అంతా చీకటి. రాడ్డు తగిలించేదాకా ఏమీ కనపడదు, తగిలించాక ఒక చిన్న పురుగంత వెలుగు కనపడుతుంది, అంతే. రాడ్డు రెండుసార్లు ఇనుముకు అంటుకుపోయింది. కళ్లకు గంతలు కట్టి అన్నం ఉడికిందో లేదో చూడమన్నట్టుంది. చుట్టూ నాకన్నా పదేళ్లు చిన్నవాళ్లు చూస్తున్నారు. రంగు కనపడితే చాలు, వీళ్లందరికన్నా బాగా చేస్తానన్న పొగరు నాకు. మూడోసారి నిప్పు పట్టుకోగానే షీల్డు పైకెత్తేశాను.

రెండు రెప్పపాట్లు చూశానో లేదో, వెలుగు ఆరిపోయింది. మాస్టరే పరుగున పోయి మెయిను స్విచ్చి కట్టేశాడు. షెడ్డులో మిషన్లన్నీ ఆగిపోయాయి. అందరూ షీల్డులు తీసి నా వైపు చూశారు.

"కండ్లు ఎక్కువైనాయా నీకు? లెయ్యి. బయటికి నడు," అన్నాడు.

చెప్పిన మాట విననివాళ్లకు తను నేర్పనని, రేపు రావద్దని కూడా అన్నాడు. నన్నట్లా నలుగురిలో గెంటేసినవాళ్లు అంతవరకూ లేరు. బయటికొస్తే నాయన గోడ వెనక తుక్కు కుప్ప దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. కుప్ప నడుమెత్తున ఉంది. అతికించి, వంచి, పగలగొట్టి చూసిన ముక్కలు. ఒక్కొక్కటే తీసి అతుకు మీద బొటనవేలితో రాస్తున్నాడు. లోపల జరిగిందంతా ఆయనకు వినపడే ఉండాలి. ఈడ తుక్కు బాగుండాదమ్మా అన్నాడు. ఆ ముక్కల్లో ఒకటి తీసి రైలుకట్ట మీదికి విసిరేయాలనిపించింది. ఆటో ఎక్కి ఇల్లు చేరేదాకా ఆయనతో మాట్లాడలేదు. ఇంట్లో అడుగు పెట్టగానే బైపాసు ఆఫీసాయన ఫోన్. ఒక్క సీటే మిగిలింది మేడం, రేపు మధ్యాహ్నం పన్నెండు దాకా ఆపుతానన్నాడు. తప్పకుండా వస్తానని మాటిచ్చాను.

దీపాలు పెట్టే వేళకు కళ్లలో మంట మొదలైంది. మొదట ఇసుక పడ్డట్టు, తర్వాత కారం కొట్టినట్టు. రెప్ప తెరవలేను, మూస్తే ఇంకా మంట. నిజంగా భయపడ్డాను. కళ్లు పోతే వేలిముద్ర ఎక్కడ వేస్తే ఏం, వేయకపోతే ఏం? పక్కింటామె ఉర్లగడ్డ చక్రాలు కోసి తెచ్చి కళ్ల మీద పెట్టింది. మా ఆయన అవి తీసి పారేసి కంటి డాక్టరు దగ్గరకు తీసుకుపోయాడు. ఆ వెలుగుకు కంటి పైపొర కమిలిందని, రెండు రోజుల్లో తగ్గుతుందని డాక్టరు అన్నారు. ఇదే మళ్లీ మళ్లీ చేసుకుంటే మాత్రం తన దగ్గర మందు లేదన్నారు. చుక్కలు వేయించుకుని వచ్చి, తడిగుడ్డ కళ్ల మీద వేసుకుని పడుకున్నాను. నాయన వచ్చి మంచం పక్కన కింద కూర్చున్నట్టు చప్పుడు వినిపించింది.

పొద్దున్నే బైపాసు దగ్గర వేలిముద్ర వేస్తానని చెప్పాను. ఆ షెడ్డోడే నా కళ్లు ఇట్లా చేశాడని, మళ్లీ ఆ గడప తొక్కనని చెప్పాను.

"పొద్దున ఆడ ఎంతసేపు చూసినావు?" అన్నాడు నాయన.

టీ చల్లారేదాకా అన్నాను.

"ఎవరన్నా వద్దన్నారా?"

తడిగుడ్డను కళ్ల మీద ఇంకాస్త అదుముకున్నాను.

"ఆ షెడ్డులో రొంతసేపు చూసినావో లేదో, మెయినే కట్టేసినాడు. నాకు అట్ల అరిచేటోడు ఒగడు దొరికింటే, నీతో రంగు చెప్పిచ్చుకునే గతి పట్టేది గాదు."

అర్థం కావడానికి కాసేపు పట్టింది. నాకు నేర్పడానికి కదా నాయనా అడిగేవాడివి అన్నాను.

"నేర్పడానికి ఒగసారి అడుగుతారు, రెండుసార్లు అడుగుతారు. పదమూడేండ్లు అడుగుతారామ్మా?"

కళ్ల మీద గుడ్డ ఉంది, ఆయన ముఖం నాకు కనపడలేదు. ఆయనకూ నా ముఖం కనపడి ఉండదు. మెల్లగా ఒక్కొక్కటే చెప్పాడు. నలభై దాటగానే కళ్లకు పొగ కమ్మినట్టు అయిందట. నిప్పు ఎర్రగా ఉందని తెలిసేది కానీ గడ్డి రంగుకూ వంకాయ రంగుకూ తేడా తెలిసేది కాదట. నేను చెప్పిన రంగుకే ముంచాడట, అన్ని ఉలులూ. నేను సంజామల పోయాక వాసన బట్టి, సుయ్యిమనే చప్పుడు బట్టి ముంచితే అవి రాతి మీద విరిగాయి. ఇనుములో లోపమేమీ లేదు. మిషన్లు కూడా తర్వాతే వచ్చాయి. మా కొలిమికి కళ్లు నేనే, నేను పెళ్లి చేసుకుని వెళ్లిపోయాను.

ఏడుపొచ్చింది, ఏడిస్తే మంట ఇంకా ఎక్కువైంది. దాంతోపాటు కోపం కూడా వచ్చింది. ఒక్క మాట ముందే చెప్పి ఉండొచ్చు కదా అని అరిచాను.

"చెప్తే పెండ్లి చేసుకునేదానివా?" అన్నాడు.

శనివారం పొద్దుటికి రెప్పలు సగం తెరుచుకున్నాయి. మా ఆయన నల్ల కళ్లజోడు నేను పెట్టుకుని, నాయన చేయి పట్టుకుని ఆటో ఎక్కాను. రైలుకట్ట దగ్గర దిగి నడుస్తుంటే, ఇద్దరిలో ఎవరు ఎవరిని నడిపిస్తున్నామో తెలియలేదు. గుడ్డివాడికి గుడ్డివాడు తోడన్నట్టు ఒకరి కాలు ఒకరం తొక్కుకుంటూ పోయాం. పదకొండు కావస్తోంది. మాస్టరు పొమ్మంటే పన్నెండులోగా బైపాసుకు చేరాలి, చేరకపోతే మళ్లీ చేర్చుకునే నాటికి నాకు వయసు దాటిపోతుంది. బైపాసు ఆఫీసాయన రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఎత్తితే నా నోట సరే అని వచ్చేస్తుందేమోనని భయం.

మాస్టరు మమ్మల్ని చూసి చేతిలో పని ఆపలేదు. నిన్న రావద్దన్నాను కదా అన్నాడు. నాయన ముందుకొచ్చి, గొంతు వచ్చిన వైపు చూస్తూ మాట్లాడాడు.

"మాది కొలిమి ఇల్లప్పా. రంగు చూడకుండా ఇనుము ముట్టడం మాకు తెల్దు. అది దాని తప్పు గాదు, నేను నేర్పిన తప్పు. నా కండ్లు అట్లనే పోయినాయి. దాని కండ్లన్నా నువ్వు కాపాడు."

మాస్టరు చేతిలోని రాడ్డు హోల్డరు పక్కన పెట్టాడు. దగ్గరకొచ్చి నాయన కళ్లలోకి చూశాడు, తర్వాత నా కళ్లజోడు తీయమని నా కళ్లు చూశాడు. రాత్రి నిద్ర పట్టిందా అని అడిగాడు. లేదన్నాను.

"రంగు చూడొద్దని నేనన్లా," అన్నాడు. "అద్దంలోంచి చూడమన్నా."

లోపలికి పోయి వేలిముద్ర మిషను తెచ్చాడు. పాతది, మూల పగిలి ఉంది, అద్దం కింద అదే ఎర్ర వెలుగు. ఆ వెలుగుకు కూడా నా కళ్లలో నీళ్లు కారాయి. ఈసారి నాయన నా మణికట్టు పట్టుకోలేదు. వేలు పెట్టాను. సోమవారం రమ్మని, ఆదివారం తను గుడికి పోతానని, ఈ లోపల కళ్లకు ఎండ తగలనివ్వవద్దని చెప్పి, మాస్టరు తన పనిలో పడిపోయాడు.

నెల రోజులైంది. అద్దం వెనక చీకటి అలవాటైంది. రాడ్డు తగిలించగానే కనిపించే ఆ వెలుగులో, కరిగిన ఇనుము చిన్న నీటిగుంటలా కదలడం ఇప్పుడు తెలుస్తోంది. నేను చెడగొట్టిన ముక్కలు కూడా ఆ వెనక కుప్పలో చేరాయి. నాయనను కంటి డాక్టరుకు చూపించాను. ఒక కన్ను ఆపరేషనుతో బాగుపడుతుందట, రెండోదాని సంగతి చెప్పలేమన్నారు. ఆపరేషనుకు ఆయన ఇంకా ఒప్పుకోలేదు, నేను వదిలిపెట్టే రకం కాదు.

రోజూ సాయంత్రం ఆళ్లగడ్డ నుంచి ఫోన్ చేస్తాడు. తిన్నావా, కళ్లెట్లున్నాయి అని అడిగాక, చిన్నప్పటి గొంతుతోనే అడుగుతాడు.

"రంగేందిమ్మా?"

ఆకుపచ్చ నాయనా, అద్దంలోంచి చూస్తే అంతా ఆకుపచ్చే, కరిగిన చోట మాత్రం లేతగా ఉంటుంది అని నిన్న చెప్పాను.

"సరేమ్మా. అద్దం మాత్రం తీయగాకు," అన్నాడు.